డిలేనా, ఫిల్టరా: లైవ్ మిక్స్‌లో ఏది ఎప్పుడు వాడాలి, ఏ గేర్ మీద డబ్బులు పెట్టాలి

ఎలక్ట్రానిక్ మ్యూజిక్ లైవ్‌గా మిక్స్ చేసేవాళ్లు, డీజేలైనా సరే గ్రూవ్‌బాక్స్ (బీట్లు, ట్యూన్లు అక్కడికక్కడే అల్లే డబ్బా) పెట్టుకుని సెట్ వాయించేవాళ్లైనా సరే, ఏదో ఒక రోజు ఇక్కడికొచ్చి ఆగుతారు: ఎఫెక్ట్స్ మీద డబ్బులు పెడితే దేనిమీద పెట్టాలి, మంచి ఫిల్టర్ (సౌండ్‌లో కింది లేదా పై ఫ్రీక్వెన్సీలని కోసేది) ఉన్న మిక్సర్ మీదా, విడిగా ఒక డిలే (సౌండ్‌ని కాస్త ఆగి మళ్లీ పలికించేది) బాక్స్ మీదా, లేకపోతే ల్యాప్‌టాప్‌లో ఉన్నవే చాలా అని. నా మాట ముందే చెప్పేస్తా. ఫిల్టర్ మీ దగ్గర ఇప్పటికే ఉంది, డిలే కూడా ఉంది, చాలామంది సెటప్‌లో లేనిది ఏంటంటే డిలే నుంచి తిరిగొచ్చే సౌండ్‌కి ఒక సొంత ఫేడర్ (జరిపే వాల్యూమ్ స్లైడర్), దాని ముందో వెనకో ఒక ఫిల్టర్. అది ఏ గేర్‌లో దొరికితే ఆ గేర్ కొనండి, బ్రాండ్ సంగతి తర్వాత.

సరే, అసలు రెండింట్లో దేన్ని ఎప్పుడు ముట్టుకోవాలి. ఫిల్టర్ ఉన్నదాంట్లోంచి తీసేస్తది, డిలే లేనిదాన్ని కలుపుతది, తేడా అంతే, కానీ లైవ్‌లో ఈ తేడానే మొత్తం నడిపిస్తది. నేను పాటించే లెక్క: ట్రాక్ లోపలికి వచ్చేటప్పుడు ఫిల్టర్, బయటికి వెళ్లేటప్పుడు డిలే. ఎందుకంటే కొత్త ట్రాక్ వచ్చేటప్పుడు జనానికి బీట్ క్లియర్‌గా అందాలి, అక్కడ డిలే పెడితే కొత్త కిక్ (బీట్‌లో గుద్దే పెద్ద డ్రమ్ దెబ్బ) ఎక్కడ పడుతుందో చెవికి తెలిసేలోపే దాని నీడలు పడిపోతయ్, అంతా బురద. అదే హై పాస్ (కిందివి కోసి పైవి వదిలే ఫిల్టర్) వేసి హ్యాట్స్, షేకర్స్ లాంటి పల్చటి పై సౌండ్లు మాత్రం లోపలికి పంపిస్తే పాత బేస్‌తో గొడవ పడకుండా వచ్చి కూర్చుంటది. వెళ్లే ట్రాక్ సంగతి ఉల్టా, దాన్ని ఫిల్టర్‌తో మాత్రమే పంపిస్తే చివర్లో ఒక ఖాళీ మిగులుద్ది, ఆ ఖాళీని డిలే తోక పూడుస్తది.

చేతులు ఎట్లా కదులుతయ్యో ఒకసారి దగ్గర్నుంచి చూద్దాం. 124 బీపీఎం (నిమిషానికి 124 బీట్లు) ట్రాక్ అనుకోండి. 60000ని బీపీఎంతో భాగిస్తే ఒక బీట్ ఎన్ని మిల్లీసెకండ్లో వచ్చేస్తది, ఇక్కడ 484, ముప్పావు బీట్ 363, అర బీట్ 242. వెళ్లే ట్రాక్‌లో చివరి 32 బీట్ల ఫ్రేజ్ నడుస్తోంది. 25వ బీట్ దగ్గర హై పాస్ మొదలుపెట్టి నెమ్మదిగా ఎక్కించండి, కిక్ బరువు పోవాలి కానీ క్లాప్ ఉండాలి. 29 దగ్గర ముప్పావు బీట్ ఎకో ఆన్, లెవెల్ సగానికి కొంచెం తక్కువ. 32వ బీట్ మీద క్లాప్ పడగానే ఫేడర్ కిందికి లాగేయండి, మిగిలింది ఎకో తోక మాత్రమే, దాని కింద కొత్త ట్రాక్ కిక్, బేస్ సరిగ్గా ఒకటో బీట్ మీద దిగుతయ్. నాలుగు బీట్లు తోకని బతకనిచ్చి ఆఫ్ చేసేయండి. చాలామంది ఈ ఆఫ్ చేయడం దగ్గరే లేట్ చేస్తారు, తోక బాగుంది కదా అని వదిలేస్తారు, అప్పటికి కొత్త ట్రాక్ హ్యాట్స్ మీద పాత క్లాప్‌లు పడుతూ ఉంటయ్.

ఒక చిన్న విషయం, పయనీర్ మిక్సర్ల మీద "డిలే" అనీ "ఎకో" అనీ రెండు వేరువేరుగా రాసి ఉంటయ్, చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. వాళ్ల లెక్కలో డిలే ఒక్కసారి మాత్రమే తిరిగి పలుకుతది, ఎకో తగ్గుకుంటూ చాలాసార్లు పలుకుతది, ఫేడర్ మూసేసినా తోక నడుస్తది. పైన చెప్పిన ఎగ్జిట్‌కి ఎకోనే కావాలి. డిలే దేనికి పనికొస్తదంటే గ్రూవ్ మధ్యలో ఒక పెర్కషన్ లైన్‌ని డబుల్ చేయడానికి, అర బీట్ పెట్టి కొంచెం లెవెల్ ఇస్తే పల్చటి లూప్ కూడా బిజీగా వినపడుద్ది. స్పైరల్ అని ఇంకోటి ఉంది, అందులో టైమ్ మారిస్తే పిచ్ కూడా మారుద్ది, సెట్ మొత్తంలో ఒకసారి వాడితే వావ్, మూడుసార్లు వాడితే జనం బార్ వైపు పోతారు.

టైమ్ ఎంత పెట్టాలి అనేది అందరూ అడుగుతారు. ఒక బీట్ పెడితే రిపీట్లన్నీ కిక్ మీదే పడి దాక్కుంటయ్, సేఫ్, కాకపోతే బోర్. అర బీట్ పెడితే ఆఫ్‌బీట్ మీద పడతయ్, హౌస్ ట్రాక్‌లో ఆ చోట ఓపెన్ హ్యాట్ ఆల్రెడీ కూర్చుని ఉంటది కాబట్టి రద్దీ అవుతది. ముప్పావు బీట్ అందం ఏంటంటే రిపీట్లు ముప్పావు, ఒకటిన్నర, రెండుంపావు, మూడు దగ్గర పడతయ్, అంటే నాలుగో రిపీట్‌కి గానీ మళ్లీ బీట్ మీదకి రాదు, మధ్యలో అన్నీ ఖాళీలే నింపుకుంటూ పోతది, అందుకే ఎకోలతో నిండిన డబ్ టెక్నోలో అంతగా వాడతారు. కానీ మన దగ్గర ఒక చిక్కుంది. తీన్‌మార్ బీట్ మీద ఇదే పెడితే పాడైపోద్ది, ఎందుకంటే అక్కడ ఒక్కో బీట్ ఎక్కువగా మూడు ముక్కలుగా ఊగుతది, మీరు నాలుగు ముక్కల లెక్కలో డిలే పెడితే డప్పుకీ దానికీ పొంతన కుదరదు. అక్కడ బీట్‌లో మూడో వంతు గానీ మూడింట రెండు వంతులు గానీ పెట్టాలి, 100 బీపీఎం అయితే 200 లేదా 400 మిల్లీసెకండ్లు, మిక్సర్‌లో ఆ బటన్ లేకపోతే టైమ్ నాబ్‌తో చేత్తోనే పెట్టుకోండి.

ఫీడ్‌బ్యాక్ (డిలే అవుట్‌లో ఎంత మళ్లీ డిలేలోకే పోతదో) గురించి ఒక లెక్క గుర్తుంటే చాలు. 50 శాతం అంటే ప్రతి రిపీట్ ముందుదానికంటే 6 డెసిబెల్స్ తగ్గుద్ది, పది రిపీట్లకి పూర్తిగా మాయం, పైన చెప్పిన 363 మిల్లీసెకండ్లలో అది మూడున్నర సెకండ్లు. 70 శాతం పెడితే ఒక్కోదానికి 3 డెసిబెల్స్ మాత్రమే తగ్గుద్ది, తోక దాదాపు రెట్టింపు పొడుగు. 100 దాటితే ఇక తగ్గదు, పెరుగుతది, దాన్ని కావాలని వాడుకునేవాళ్లు ఉన్నారు, కానీ చెయ్యి ఫేడర్ మీద లేకుండా అది మాత్రం చేయొద్దు.

ఇప్పుడు ఫిల్టర్ వైపు వద్దాం. హై పాస్ వర్సెస్ లో పాస్ అంటే చాలామంది రెండూ ఒకే నాబ్‌కి రెండు పక్కలు కదా అనుకుంటారు, నాబ్ ఒకటే గానీ గదిలో జరిగేది వేరు. హై పాస్ వేస్తే ఒంటికి తగిలే బరువు పోతది కానీ మాటలు, మెలోడీ అలాగే ఉంటయ్, జనం పాడుతూ ఉంటారు, బేస్ కోసం ఎదురుచూస్తారు. లో పాస్ వేస్తే బరువు ఉంటది, స్పష్టత పోతది, పక్క గదిలో పార్టీ జరుగుతున్నట్టు వినపడుద్ది. కాబట్టి వోకల్ ఉన్న ట్రాక్ మీద టెన్షన్ పెంచాలంటే హై పాస్, ఇన్‌స్ట్రుమెంటల్‌ని కాసేపు లోపలికి ముంచి తేల్చాలంటే లో పాస్. తెలుగు సినిమా పాటల రీమిక్స్‌లు కొట్టేవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం, పల్లవి నడుస్తుంటే లో పాస్ మూసేశారంటే జనం నోరు కూడా మూతపడుద్ది.

స్లోప్ (ఫిల్టర్ ఎంత నిటారుగా కోస్తదో) కూడా చూసుకోండి, కొనేటప్పుడు ఎవరూ అడగరు దీన్ని. హై పాస్ కటాఫ్ (కోత మొదలయ్యే చోటు) 200 హెర్ట్జ్ దగ్గర ఉందనుకోండి, 50 హెర్ట్జ్‌లో ఉన్న కిక్ దానికి రెండు ఆక్టేవ్‌ల (ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ ఒక ఆక్టేవ్) కింద ఉంది. ఆక్టేవ్‌కి 12 డెసిబెల్స్ స్లోప్ అయితే కిక్ 24 తగ్గుద్ది, 24 స్లోప్ అయితే 48 తగ్గుద్ది. మొదటిదాంట్లో పెద్ద సబ్‌ల ముందు కిక్ ఇంకా కొంచెం తెలుస్తది, రెండోదాంట్లో పూర్తిగా పోయినట్టే. మెల్లగా బ్లెండ్ చేసేవాళ్లకి మొదటిది హాయి, డ్రాప్ (బేస్ ఒక్కసారిగా తిరిగొచ్చే చోటు) ముందు కట్ కొట్టినట్టు కావాలంటే రెండోది. రెజొనెన్స్ (కటాఫ్ దగ్గరి ఫ్రీక్వెన్సీలని ఉబ్బించేది) సంగతి, సగం దాటితే కటాఫ్ దగ్గర ఒక విజిల్ లేస్తది, హెడ్‌ఫోన్స్‌లో ముద్దొచ్చే ఆ విజిల్ పెద్ద హార్న్ ట్వీటర్లలోంచి వస్తే చెవిలో సూదే. అలెన్ అండ్ హీత్ జోన్ మిక్సర్ల మీద ఆ నాబ్‌కి ఒక పక్క "మైల్డ్" ఇంకో పక్క "వైల్డ్" అని రాసి ఉంటది, ఊరికే రాయలేదు.

అసలు కథ ఈ రెండూ కలిసినప్పుడు మొదలవుద్ది. ఫిల్టర్ డిలే కంటే ముందుందా, తర్వాతుందా, లోపలుందా, ఈ మూడింటికీ మూడు వేరే సౌండ్‌లు.

ముందుంటే, అంటే ఫిల్టర్ చేసిన సౌండ్ డిలేలోకి వెళ్తుంటే, మీరు ఫిల్టర్ తిప్పిన కదలిక మొత్తం రిపీట్లలో రికార్డయిపోద్ది, మూస్తూ తెరుస్తూ ఉంటే ఆ మూయడం తెరవడం కూడా ప్రతిధ్వనిస్తది, రిథమిక్‌గా బాగుంటది. తర్వాతుంటే తోక మొత్తాన్నీ ఒకేసారి చెక్కొచ్చు, బయటికి వెళ్లే తోకని హై పాస్‌తో పల్చగా చేసి కొత్త బేస్‌కి దారి ఇవ్వొచ్చు, మిక్సింగ్‌కి ఇదే ఎక్కువ పనికొస్తది. లోపలుంటే, అంటే ఫీడ్‌బ్యాక్ తిరిగే దారిలోనే ఫిల్టర్ ఉంటే, ప్రతి రిపీట్ మళ్లీ మళ్లీ ఫిల్టర్ గుండా పోతది, ఒక్కో రిపీట్‌కి ఇంకాస్త మసకబారుతూ దూరంగా వెళ్లిపోతది. పాత టేప్ ఎకోలు అంత తియ్యగా ఉండటానికి ఇదో కారణం, రోలాండ్ ఆర్‌ఈ 201 స్పేస్ ఎకో 1974లో వచ్చింది, దాంట్లో టేప్ లూప్, మూడు ప్లేబ్యాక్ హెడ్‌లు ఉంటయ్, టేప్ మీద మళ్లీ మళ్లీ రికార్డయినప్పుడల్లా పై ఫ్రీక్వెన్సీలు కొంచెం కొంచెం రాలిపోతయ్, ఫిల్టర్ అని విడిగా పెట్టకపోయినా అది ఫిల్టరే.

దీన్ని చేత్తో చేసుకోవడం జమైకాలో 70ల్లోనే మొదలైంది. కింగ్‌స్టన్‌లో కింగ్ టబ్బీ అని ఎలక్ట్రానిక్స్ రిపేర్ తెలిసిన మనిషి, తన ఎంసీఐ కన్సోల్ (స్టూడియో మిక్సర్) మీద మెట్లు మెట్లుగా తిరిగే ఒక పెద్ద హై పాస్ నాబ్‌నీ డిలేనీ పట్టుకుని, పాటని స్టూడియోలో లైవ్‌గా విడగొట్టి మళ్లీ కట్టేవాడు. మిక్సర్‌ని వాయిద్యంలా వాడటం అనే పద్ధతికి ఆయన పెద్ద దిక్కు. 90ల్లో బెర్లిన్‌లో బేసిక్ ఛానల్ అనే ఇద్దరు ప్రొడ్యూసర్లు అదే ఆలోచనని టెక్నోలోకి తెచ్చారు, ఒక్క కార్డ్ స్టాబ్ (పొట్టిగా కొట్టిన కార్డ్) తీసుకుని డిలే, ఫిల్టర్ మధ్య తిప్పుతూ పది నిమిషాలు నడిపేవాళ్లు. 

ఆ ట్రిక్ ఇప్పుడు మీ సెటప్‌లో ఎట్లా చేయాలంటే: మిక్సర్ ఆక్స్ సెండ్ (ఛానల్ సౌండ్‌లో కొంత బయటి ఎఫెక్ట్‌కి పంపే దారి) నుంచి డిలేకి, డిలే అవుట్‌ని రిటర్న్ జాక్‌లో కాకుండా ఒక ఖాళీ ఛానల్‌లో పెట్టండి. డిలే వెట్ 100 శాతం (అసలు సౌండ్ లేకుండా రిపీట్లు మాత్రమే), దాని సొంత ఫీడ్‌బ్యాక్ సున్నా. ఇప్పుడు ఆ ఛానల్ ఆక్స్ నాబ్‌ని కొంచెం తెరిస్తే డిలే అవుట్ మళ్లీ డిలేలోకే పోతది, అదే మీ ఫీడ్‌బ్యాక్, దాని దారిలో ఆ ఛానల్ ఈక్యూ (బేస్, మిడ్, ట్రెబుల్ నాబ్‌లు), ఫిల్టర్ ఉన్నయ్ కాబట్టి ప్రతి రౌండ్‌లో మీరే చెక్కుతున్నారు. బేస్ ఈక్యూ పూర్తిగా తీసేసి మొదలుపెట్టండి, లేకపోతే మూడో రౌండ్‌కే కింద గుమ్మంటూ పొంగిపోద్ది. ఇక్కడ ఒకటి చూసుకోవాలి, ఆ ఛానల్ ఈక్యూ, ఫిల్టర్ ఆక్స్ సెండ్‌కి ముందున్నయ్యా తర్వాతా అనేది మిక్సర్‌ని బట్టి మారుద్ది, ముందుంటేనే ఈ ట్రిక్ నడుస్తది. ఏబుల్టన్ లైవ్ సాఫ్ట్‌వేర్‌లో అయితే రిటర్న్ ట్రాక్ మీద డిలే, దాని తర్వాత ఆటో ఫిల్టర్ పెట్టి, ఆ రిటర్న్ ట్రాక్ సొంత సెండ్ మీద రైట్ క్లిక్ చేసి ఎనేబుల్ చేయాలి, డీఫాల్ట్‌గా అది ఆఫ్‌లో ఉంటది. చివర్లో ఒక లిమిటర్ (సౌండ్ ఒక హద్దు దాటకుండా ఆపేది) తప్పకుండా.

ఇక గేర్ ఎంపిక.

ఎంట్రీ లెవెల్ కంట్రోలర్, పయనీర్ డీడీజే ఎఫ్‌ఎల్‌ఎక్స్ 4 లాంటిది ఉన్నవాళ్లు: ఛానల్‌కో సీఎఫ్‌ఎక్స్ నాబ్ (ఫిల్టర్ ఇక్కడే) ఉంది, కుడి పక్కన బీట్ ఎఫ్ఎక్స్ (ఎకో ఇక్కడ) ఉంది, ఎంట్రీకి ఫిల్టర్ ఎగ్జిట్‌కి ఎకో అనే పని మొత్తం దీంతో అయిపోద్ది, దానికోసం పైసా ఖర్చు పెట్టొద్దు. లోటు ఏంటంటే డిలే రిటర్న్‌కి ఫేడర్ లేదు, ఫీడ్‌బ్యాక్‌కి సొంత నాబ్ లేదు. సెరాటో, రికార్డ్‌బాక్స్ లాంటి సాఫ్ట్‌వేర్లలో స్టెమ్స్ (పాటని వోకల్, డ్రమ్స్‌గా విడగొట్టే ఫీచర్) వచ్చాక మాత్రం ఒక కొత్త ఆప్షన్ దొరికింది, బీట్ తీసేసి వోకల్ మాత్రం ఉంచి దానిమీద ఎకో పెట్టొచ్చు, పల్లవి చివరి మాట మీద పెట్టి వదిలారంటే కిక్ నీడలేమీ లేకుండా ఆ మాట ఒక్కటే హాల్లో తిరుగుతది. పాట మధ్యలో మాత్రం పెట్టొద్దు, మాట మీద మాట పడి సాహిత్యం అర్థం కాదు.

క్లబ్ మిక్సర్లలో పయనీర్ డీజేఎం 900 నెక్సస్ 2 దగ్గర నాకు నచ్చేది ఎఫెక్ట్‌ల సంఖ్య కాదు, ఎఫ్ఎక్స్ ఫ్రీక్వెన్సీ అని లో, మిడ్, హై మూడు బటన్లున్నయ్ కదా, అవి. లో ఆఫ్ చేసి ఎకో పెడితే బేస్ పొడిగా కదలకుండా ఉంటది, మిడ్, హై మాత్రమే తిరుగుతయ్, అంటే డిలే ముందు ఒక హై పాస్ ఫ్రీగా వచ్చినట్టు. క్లబ్‌లలో ఈ మిక్సర్ కనిపించినప్పుడు ముందు ఆ బటన్ చూడండి. అక్కడ కలర్ నాబ్ దగ్గర డబ్ ఎకో కూడా ఉంటది, ఛానల్ మీదే తిప్పేయొచ్చు, ఒక చేత్తో పని.

అలెన్ అండ్ హీత్ జోన్ 92, జోన్ 96 వైపు వెళ్లేవాళ్లకి ఫిల్టర్ విషయంలో వంక పెట్టడానికేం లేదు, అనలాగ్, రెండు ఫిల్టర్లు, లో పాస్, బ్యాండ్ పాస్ (మధ్యది మాత్రమే వదిలేది), హై పాస్ బటన్లు విడివిడిగా. కానీ లోపల డిలే అనేదే ఉండదు, అది బయట నుంచి తెచ్చుకోవాలి, బడ్జెట్ వేసేటప్పుడు ఇది మర్చిపోయి తర్వాత మిక్సర్ ఖాళీగా ఉందని బాధపడేవాళ్లని చూశాను. ఆక్స్ సెండ్‌లు ఉన్నయ్ కాబట్టి పైన చెప్పిన రకం రూటింగ్‌కి ఇదే సరైన ఇల్లు. హార్డ్‌వేర్ లైవ్ సెట్ వాయించేవాళ్లు, లాంగ్ బ్లెండ్స్ చేసేవాళ్లు ఇటు రండి. ఓపెన్ ఫార్మాట్ (అన్ని రకాల పాటలూ కొట్టే) డీజే, గంటలో నలభై పాటలు మార్చేవాళ్లు డీజేఎం వైపే ఉండండి, మీకు సెండ్ నాబ్ తిప్పే టైమే ఉండదు.

బయటి డిలే కొనేటప్పుడు గిటార్ పెడల్ ధర చూసి టెంప్ట్ అవుతారు. తప్పేం కాదు, కానీ అది గిటార్ లెవెల్‌కి చేసింది, మిక్సర్ సెండ్ లైన్ లెవెల్‌లో, అంటే గిటార్ కంటే చాలా గట్టిగా, వస్తది, ఎక్కువ పంపితే పగులుతది, లైన్ లెవెల్ తీసుకుంటదో లేదో, స్టీరియోనో కాదో చూసుకోండి. సింక్ కూడా ముఖ్యం. చేత్తో ట్యాప్ చేస్తే ఒక బీపీఎం అటూ ఇటూ అవ్వడం మామూలే, 124కి బదులు 125 పడితే ఒక బీట్‌కి 4 మిల్లీసెకండ్ల తేడా, ఒక్క రిపీట్‌లో ఎవరికీ తెలీదు, ఎనిమిదో రిపీట్‌కి 30 దాటిపోద్ది, అప్పుడు క్లాప్‌లు రెండుగా చీలి వినపడతయ్. మిడి క్లాక్ (గేర్ మధ్య టెంపో పంపే సిగ్నల్) తీసుకునేది అయితే ఈ తలనొప్పి లేదు. చిన్న తోకలే వాడతా అంటే ట్యాప్ చాలు.

ల్యాప్‌టాప్ ఒక్కటే ఉన్నవాళ్లకి నిజానికి అందరికంటే ఎక్కువ ఆప్షన్లున్నయ్, ఏబుల్టన్ లైవ్ 10 సూట్‌తో 2018లో వచ్చిన ఎకో డివైస్‌లో హై పాస్, లో పాస్ లోపలే ఉన్నయ్, డకింగ్ కూడా ఉంది, అంటే అసలు సౌండ్ వస్తున్నప్పుడు రిపీట్లు తగ్గి ఖాళీ దొరికినప్పుడు లేస్తయ్, డకింగ్ లేని బయటి పెడల్‌తో ఇది చేయాలంటే ఇంకో కంప్రెసర్ కావాలి. కాకపోతే మౌస్‌తో లైవ్ చేయలేం. నాలుగు నాబ్‌లు, ఒక ఫేడర్ ఉన్న చిన్న మిడి కంట్రోలర్ కొని సెండ్, ఫీడ్‌బ్యాక్, కటాఫ్, రెజొనెన్స్, రిటర్న్ వాల్యూమ్ మ్యాప్ చేసుకోండి, ఖరీదైన పెడల్ కంటే ఈ చిన్న డబ్బా మీ సెట్‌ని ఎక్కువ మారుస్తది. నన్నడిగితే డబ్బులు తక్కువున్న ఎవరికైనా ఇదే మొదటి కొనుగోలు.

ఇదంతా చూసుకున్నాక కూడా వెన్యూని బట్టి లెక్క మారుద్ది. టైల్స్ ఫ్లోర్, నున్నటి గోడలున్న ఫంక్షన్ హాల్లో సౌండ్ ఆల్రెడీ చాలాసేపు మోగుతూనే ఉంటది, దానిమీద పొడుగు డిలే పెడితే ఏమీ మిగలదు, అక్కడ ఫిల్టర్‌తోనే పని కానిచ్చి ఎకోని రెండు మూడు రిపీట్లకి కుదించండి. ఓపెన్ గ్రౌండ్‌లో 50 మీటర్ల దూరంలో ఒక పెద్ద గోడ ఉంటే స్టేజ్ సౌండ్ దానికి తగిలి తిరిగి రావడానికి దాదాపు 290 మిల్లీసెకండ్లు పడుద్ది, అంటే గ్రౌండే ఒక డిలే పెట్టేసి కూర్చుంది, మీది దానికి దగ్గర్లో ఉంటే రెండూ గుద్దుకుంటయ్, ఒక బీట్ లేదా రెండు బీట్ల లాంటి పెద్ద టైమ్ పెట్టుకుని తప్పించుకోండి. పింగ్ పాంగ్ డిలే (రిపీట్లు ఎడమ, కుడి స్పీకర్లలో మార్చి మార్చి పలికేది) అయితే ముందు సౌండ్ వాళ్లని అడగండి, సిస్టమ్ మోనోలో నడుస్తుంటే ఆ అటూ ఇటూ ఊగడం అనేదేదీ జనానికి చేరదు. తాపడం ఉన్న చిన్న క్లబ్ రూమ్ దొరికితే మాత్రం సౌండ్ చెక్ టైమ్‌లో ఒక్క క్లాప్ మీద 70 శాతం ఫీడ్‌బ్యాక్ పెట్టి తోక ఎంతసేపు వినపడుతుందో డ్యాన్స్ ఫ్లోర్ మధ్యలోకి వెళ్లి వినండి, బూత్‌లో వినపడేదాంతో అది అస్సలు కలవదు.